మూడుసార్లు పిలిచినవాడు

ముప్పై ఒక్క ఏళ్ళు
జిల్లా కోర్టు గుమ్మం దగ్గర నిలబడి పేర్లు పిలిచాను.
తెల్ల చొక్కా, ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ళ.
ఒక్కో పేరూ మూడుసార్లు.
మొదటి పిలుపు వరండా వినేది,
రెండోది క్యాంటీన్ బల్లలు వినేవి,
మూడోది బయట స్కూటర్ల మీద పడి
అక్కడే ఎండిపోయేది.
మనిషి వచ్చేలోపు వాయిదా వచ్చేది.

భీమిలి వైపు ఒక గట్టు తగాదా.
వాది పేరు పిలుస్తూ ఉద్యోగంలో చేరాను,
అతని కొడుకు పేరు పిలుస్తూ రిటైరయ్యాను.
ఆ గట్టు మీద ఇప్పుడు అపార్ట్‌మెంటు లేచిందట.
ఫైలు మాత్రం నడుస్తూనే ఉంది, కర్ర పట్టుకుని.

పెదజాలారిపేట రెండో సందులో నా ఇల్లు.
పోయిన భాద్రపదంలో ఓ సాయంత్రం
తెడ్డు నూకయ్య కవరొకటి పట్టుకొచ్చాడు, తడి చేత్తోనే.
"లాయరు కాడ రాయించినాను బావూ.
ఏటి రాయించినానో సదివి సెప్పు."

నాలుగు పేజీలు.
సదరు ప్రతివాది తన ఇంజను పడవతో
సదరు వాది వలను ఉద్దేశపూర్వకంగా...
"పెతివాది అంటే మా ధనరాజేనా?"
మీ ధనరాజే, అన్నాను.
ఆ 'మా' దగ్గర పట్టుకున్నాను కొసని.

వేలం షెడ్డులో ఐసు పెట్టెలు బోర్లించి కూర్చున్నాం.
అటు అర్జిల్లి ధనరాజు, వాళ్ళమ్మ.
ఇటు నూకయ్య, అతని పెళ్ళాం సింహాచలం.
నేను ఎవరి పేరూ పిలవలేదు. టీ చెప్పాను.

మొదటి రోజంతా కేకలే.
"దీపం ఎట్టకుండా వలేస్తే సీకట్లో నాకేటి అగుపడతాది?"
"ఎట్టినాను. ఆరిపోనాది."
"ఆరిపోతే నా తప్పేటి?"
డాల్ఫిన్ నోస్ మీది లైటు
ఇద్దరి మీదుగానూ ఒకేలా తిరిగి వెళ్ళిపోయింది.
నేను నోరు మూసుకుని కూర్చున్నాను.
కేక వేసే జీతం తిన్నవాడికి
అదేం తేలిక కాదు.

రెండో రోజు సింహాచలం వలని మోసుకొచ్చి పరిచింది.
కాగితంలో అది అరవై వేల నష్టం.
సిమెంటు గచ్చు మీద మాత్రం
మనిషి దూరి అవతలికి నడిచిపోయేంత చిరుగు.
ఎవరూ చెప్పకుండానే ధనరాజు తల్లి చతికిలబడి
తెగిన కళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టింది.
వలకీ కళ్ళే కదా ఉండేవి.
మూడొందలు దాటాక లెక్క తప్పింది.
సింహాచలం అందుకుంది,
తప్పిన చోటు నుంచి కాదు, మళ్ళీ ఒకటి నుంచి.

ధనరాజు వంగి చూశాడు.
"నా ఫేను ఇంత కోసీసిందనుకోనేదు,"
అన్నాడు, ఎవరితోనో.
చాలాసేపటికి నూకయ్య సముద్రం వైపు తిరిగి,
"బేటరీ పోయిందని నాకు ముందే తెలుసు. కొననేదు."

ఈ రెండు మాటలూ
నా ముప్పై ఒక్క ఏళ్ళలో బోనులోంచి వినలేదు.
అంటే, అవతలి లాయరు రాసేసుకుంటాడు.

దారం ధనరాజుది, అల్లిక ఇద్దరిదీ.
వల కుదురుకునేదాకా ధనరాజు పడవలో నూకయ్యకి ఒక వాటా.
అమాస లోపు నూకయ్య కొత్త బేటరీ కొనాలి.
నోటీసు వెనకాలే రాశాను.
స్టాంపు ఉండాల్సిన చోట
ఎవరి వేలి నుంచో ఒక పొలుసు అంటుకుంది.
దులపలేదు.

ఆ తర్వాత చాలామంది వచ్చారు.
కుళాయి వంతు, చీటీ డబ్బు, మేడ మీద కారే నీళ్ళు.
కార్తీకంలో ఒకామె వచ్చింది, దవడ వాచిపోయి.
పేరు చెప్పను,
పేర్లు అరిచీ అరిచీ నేర్చుకున్నది అదొక్కటి.
వెనకే మొగుడొచ్చి ఐసు పెట్టె మీద కూర్చోబోయాడు,
"మనలో మనం తేల్సుకుందాం మావా" అంటూ.
లే, అన్నాను.
అల్లితే కలిసే చిరుగు కాదది.
ఆటో ఎక్కించి ఆమెను కోర్టుకే తీసుకెళ్ళాను.
గుమ్మంలో కొత్త కుర్రాడు పిలిచాడు.
మొదటి పిలుపుకే లేచి నిలబడింది.

నూకయ్యా ధనరాజూ
టీ కొట్టు దగ్గర ఇప్పటికీ మాట్లాడుకోరు.
నిద్రపట్టని రాత్రి మేడెక్కితే
దూరంగా నీళ్ళ మీద చిన్న దీపం.
ఇంజను చప్పుడొకటి దాని దాకా వచ్చి,
తగ్గి,
చుట్టూ తిరిగి,
మళ్ళీ పెరుగుతుంది.