ఖాళీ తొట్లు

జనవరి. ఈసాఫ్యోర్దుర్ రేవు.
సూర్యుడు కొండ ఎక్కి మా వీధిలోకి తొంగిచూసేది నెలాఖరుకే.
నాలుగున్నరకి ఫోను:
"స్వన్‌దిస్, వేలం బోర్డు కదలట్లేదు.
కాడ్ చేప ధర నిన్నటి దగ్గరే నిలబడిపోయింది."

మెట్ల కింద గదిలో సర్వరు.
ఒక్క పెట్టె. దాని కడుపులో పన్నెండు యంత్రాలు,
అన్నీ మాట మీద నిలిచినవే.
ఒక్కోదానికి రెండేసి టెరాబైట్లు రాసిచ్చాడు హాల్‌గ్రిమూర్.
పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు.
ఉన్నవి పది.
అందరూ ఒకేసారి అడగరులే అన్న ధైర్యం ఆయనది.
రాసినప్పుడే ముక్క కోసి ఇవ్వడం,
రాయనంతసేపూ అరచేతిలో వైకుంఠం.

ఇవాళ పెట్టె నిండింది.
అంటే, చోటు నిండుకుంది.

వేలం యంత్రంలోకి వెళ్లి చూశాను.
అయిదేళ్లు దాటిన తూకం చీటీలు, రేవు కెమెరా వీడియోలు
పోయిన వారమే చెరిపేశాను కదా!
"సగం ఖాళీ" అంటుంది అది, నిజాయితీగా.
"ఇంచు లేదు" అంటుంది కింది పెట్టె, అంతే నిజాయితీగా.
పైవాడు తన పుస్తకంలో పేరు కొట్టేశాడు.
కిందవాడికి కబురు పెట్టలేదు.

రేవులో తొట్ల సంగతీ ఇంతే.
క్రియా పడవ ఆస్‌గేర్ ఉన్నాడు చూడండి,
అద్దె తొట్టిలో చేపలు దించుతాడు, అమ్ముతాడు,
ఖాళీ తొట్టిని షెడ్డు వెనక బోర్లించి మరిచిపోతాడు.
డిపో లెక్కలో అది ఇంకా నిండు తొట్టే.
ఒక్క ఫోను చేస్తే లారీ వస్తుంది.
చెయ్యడు.
అడగనిదే అమ్మయినా పెట్టదు సరే,
చెప్పనిదే ఏ డిపో వెనక్కి తీసుకుంటుంది?

చెప్పాను. ట్రిమ్ కమాండు కొట్టాను.
"ఒకటిన్నర టెరాబైట్లు వదిలేశా" అంది పై యంత్రం.
కింద అంకె కదల్లేదు. నూటికి నూరు.
మళ్లీ కొట్టాను. ఈసారి "సున్నా" అంది,
చెప్పిందే చెప్పనని అలిగినట్టు.

అప్పుడు తెరిచాను స్నాప్‌షాట్ల జాబితా.
ఒక్కటే ఉంది. నాలుగేళ్ల నాటిది.
పేరు: "రేపు తీసేయాలి".
ఏదో అప్‌డేట్‌కి ముందు, వికటిస్తే వెనక్కి రావడానికి
ఒక్క రాత్రికని బిగించిన పిడికిలి.
నేను పైన చెరిపిన ప్రతి ముక్కా
కింద అందులోనే ఉంది.

హాల్‌గ్రిమూర్ ఇప్పుడు గొర్రెలు పెంచుతున్నాడు.
అయిదింటికే లేచి ఉన్నాడు.
"ఇంకా ఉందా అది?" అన్నాడు.
తర్వాత కాసేపు ఫోన్లో గొర్రెలే మాట్లాడాయి.

తీసేశాను.
నూరు. తొంభై ఏడు. తొంభై ఒకటి.
ఎనభై అయిదు దగ్గర ఆగింది.
పైన బోర్డు మీద కాడ్ ధర
ఉలిక్కిపడి లేచి ఇవాళ్టిదైంది.

ఇరవై నాలుగు మాత్రం ఇంకా ఇరవై నాలుగే,
పది ఇంకా పదే.
ఆ సంగతి మేనేజరుకి ఒక మెయిలు రాశాను, పంపలేదు.

ఇంటికెళ్తూ షెడ్డు వెనక లెక్కపెట్టాను,
మంచు కింద తొంభై మూడు తొట్లు.
డిపోకి ఫోను చేశాను.
"ఎవరి పేరు మీద?" అన్నారు.
ఆస్‌గేర్ పేరే చెప్పాను.