బసూన్‌కి ఎన్ని కాళ్ళు?

కురెస్సారెలో మార్చి నెల.
సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది.
చంటిబడి గుమ్మంలో పదకొండు జతల బూట్లు
ఒకదాని మీద ఒకటి ఒరిగి నీళ్ళోడుతున్నాయి.
ఒక బూటులో ఎవరో పైన్‌కాయ దాచుకున్నారు.

నేను పెట్టె మూత తీయగానే
ఉర్మాస్ వంగి చూశాడు.
"ఇది కట్టెనా, గొట్టమా?"
రెండూనూ, అన్నాను.
"మరి దీనికి ఎన్ని కాళ్ళు?"
టీచరు వైకె నావైపు చూసింది.
నేను రెల్లుపుల్లని నోట్లో నానబెట్టుకుంటూ
జవాబు తప్పించుకున్నాను.

ముప్పై రెండేళ్ళు నాటకశాలలో
వేదిక ముందరి గోతిలో కూర్చుని వాయించినదాన్ని.
పైన ఎలుగుబంటి వచ్చిందని
చెక్కలు కిర్రుమంటే తెలిసేది.
దాని మొహం ఒక్కనాడూ చూడలేదు.

"పేరు చెప్పకూడదు," అంది వైకె పిల్లలతో,
"నడిచి చూపించాలి."

ముందు ఎలుగు.
అట్టడుగు స్వరాలు,
ఒక్కొక్కటీ తడిసిన కంబళంత బరువు.
పదిమంది లేచి పాదాలీడ్చుకుంటూ గదంతా తిరిగారు.
లేలో మాత్రం కుర్చీ దిగలేదు.
"ఇది మా తాతయ్య. మెట్లెక్కుతున్నాడు.
మూడో మెట్టు దగ్గర ఆగి ఆయాసపడతాడు, విను."
మళ్ళీ వాయించాను.
నిజమే, మూడో స్వరం తర్వాత
దొంగతనంగా ఊపిరి పీలుస్తాను.
ఇన్నేళ్ళూ ఎవరికీ వినపడలేదనుకున్నాను.

వైకె పియానో ముందుకి జరిగి
రెండు వేళ్ళతో అయిదు స్వరాలు పొడిచింది:
టిక్కు టిక్కు టిక్కు, టిక్కు, టిక్కు.
కోడి! పేరు చెప్పకూడదన్నది అందరూ మరిచిపోయారు.
అవే అయిదూ నా దగ్గరికి పంపింది.
నేను వాటిని ఒకే ఊపిరిలో కలిపి,
మంచు మీంచి సీల్ జారినట్టు
నీళ్ళలోకి జార్చాను.
ఇప్పుడేమిటి, అంది వైకె.
"అదే కోడి," అన్నాడు ఉర్మాస్,
"పాపం, సముద్రంలో పడింది."

ఏనుగు దగ్గర చిక్కొచ్చింది.
ఈ దీవిలో ఏనుగుని చూసినవాళ్ళు ఇద్దరే.
అందులో ఒకడు చూసింది దాని వెనుకభాగం.
"అయితే వెనుకభాగమే వాయించు," అన్నాడు.
వాయించాను.
తోక దగ్గర చిన్న మలుపు కూడా వేశాను.
నా బతుకులో అంతగా నవ్వించిన కచేరీ ఇంకోటి లేదు.

చివర కుందేలు.
చెంగు చెంగుమని పైస్థాయిలో ఆరు దూకుళ్ళు,
తర్వాత రెండు మాత్రల విరామం,
ఆపైన మళ్ళీ పరుగు. కాగితం మీద అంతే.
ఖాళీ రాగానే అలవాటుగా లోలోపల లెక్కపెట్టాను:
ఒకటి,
రెండు...

బల్ల కిందనుంచి చిన్న చెయ్యి లేచింది.
కారెల్. శరదృతువు నుంచి ఈ గదిలో
ఒక్క మాటైనా ఆడని పిల్లాడట.
"ఆగు," అన్నాడు గుసగుసగా.
"అది మనల్ని చూసింది."

పదకొండుమందీ ఊపిరి బిగబట్టారు.
ఒకడి మేజోడు సగం జారి అలాగే వేలాడుతోంది.
రేడియేటర్ టప్‌మంది.
దూరంగా అఖాతంలో మంచు ఎక్కడో చీలింది.
రెండో మాత్ర ఎప్పుడో దాటిపోయింది.
మా గురువు వింటే చెవి మెలేసేవాడే.
నేను లెక్క వదిలేశాను.
పెదవి రెల్లు మీద, రెల్లు తడి మీద,
చెవులు రిక్కించుకుని
ఆ పిల్లాడి చేతినే చూస్తూ కూర్చున్నాను.

చెయ్యి దిగింది.
"ఇప్పుడు."

అంత వేగంగా నా వేళ్ళు
పాతికేళ్ళప్పుడు కూడా పరిగెత్తలేదు.

బూట్లు తొడుక్కునే గోలలో
ఎడమ కుడి, కుడి ఎడమ అయ్యాయి.
కారెల్ మళ్ళీ మాట్లాడలేదు.
వైకె అడగనూ లేదు.

ఇంటికొచ్చి,
వాయిద్యాన్ని తుడవబోతే
లోపలేదో గలగలమంది.
తలకిందులు చేశాను.
పైన్‌కాయ ఒళ్ళో పడింది.
దానికి ఆకలేస్తుందని
ఎవరికో అనిపించింది.