ఫిబ్రవరి గడి

పద్నాలుగు పడకల ఆసుపత్రి మాది.
నెబ్రాస్కాలో, ఇసుక దిబ్బలకి గడ్డి పట్టిన చోట.
పెద్దాసుపత్రికి తొంభై మైళ్ళు.
ట్రాఫిక్ లైటు చూడాలన్నా నలభై.
ఇక్కడ ఒక్క జీతానికి మూడు కొలువులు:
దుప్పట్లు ఉతికించేదీ నేనే,
స్టోరు తాళాలూ నా నడుముకే,
ఉపద్రవం వస్తే ఎవరెటు పరిగెత్తాలో రాసిన
ఎర్ర అట్ట ఫైలుకి పూచీ కూడా నాదే.

ఆగస్టులో ఒక మంగళవారం, కాఫీ ఇంకా గొంతు దిగకముందే,
చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్టర్ వచ్చింది.
హాల్వర్సన్ అంది పేరు. చేతిలో టేపు, టార్చి.
నవ్వదు. కసురుకోదు కూడా.
స్టోరులో నిచ్చెనెక్కి
స్ప్రింక్లరుకీ నా దుప్పట్ల దొంతరకీ మధ్య కొలిచింది.
పద్దెనిమిది అంగుళాలుండాలి. పదహారున్నాయి.
"రెండు దుప్పట్లు తీసేస్తే సరి" అన్నాను.
"తీసెయ్యండి" అంది, రాసుకుంటూనే.

ఎక్స్‌రే గది పక్క నిప్పు తలుపు
వదిలితే తనంతట తనే మూసుకోవాలి.
మూసుకుంది, మూడోసారికి,
అలిగిన పిల్లాడు అన్నానికొచ్చినట్టు.
పొగ వస్తే ముందు ఎవర్ని కదుపుతావని నర్సు ఇనెజ్‌ని అడిగింది.
"ఆరో నంబరు ముసలాయన్ని. చెవుడు, గంట వినపడదు."
ఫైల్లో లేని జవాబు.
హాల్వర్సన్ కలం కాసేపు ఆగింది.

తర్వాత జనరేటరు పుస్తకం తీసింది.
నెలకోసారి, అరగంట, బరువు మోస్తూ నడవాలి యంత్రం.
నడిచినట్టు సంతకం ఉండాలి.
జనవరి ఉంది. మార్చి ఉంది.
ఫిబ్రవరి గడి తెల్లగా ఉంది,
ఆ నెల బయట పొలాలున్నట్టే.

ఆ నెల మేం పరీక్ష పెట్టలేదు,
పరీక్షే వచ్చి మా మీద పడింది.
రెండు రాత్రులు మంచు. స్తంభాలు కూలాయి.
ముప్పై ఒక్క గంటలు
ఊరంతట్లో వెలిగింది మేమొక్కళ్ళమే.
తెల్లవారుజామున మూడింటికి యంత్రం దగ్గడం మొదలెట్టింది.
ఫిల్టర్లో డీజిలు మైనంలా పేరుకుంది.
లోపల ఒకావిడ ఊపిరి మిషను మీద ఉంది.
మీసం మీద మంచుతో ల్యాడ్ కుబిచెక్
లాండ్రీ తలుపు తోసి ఒక్క మాటన్నాడు: "తువ్వాళ్ళు."
డ్రయ్యర్లోంచి కాలుతున్నవి తీసి
కోటులో పొదువుకుని పరిగెత్తాను,
పసిబిడ్డని ఎత్తుకెళ్ళినట్టు.
అతను ఫిల్టరుకి చుట్టాడు. చల్లారితే మళ్ళీ.
పావుగంటకోసారి, తెల్లారేదాకా.
డ్రయ్యరు తిరిగేది ఆ జనరేటరు కరెంటుతోనే.
అది ఇచ్చిన వేడినే
మోసుకెళ్ళి దానికి కప్పాం.

"అదీ పరీక్షే" అంది హాల్వర్సన్. "రాసుంటే చాలేది."
"రాసే తీరిక ఎవరికుంది?"
"తర్వాతైనా."
లోపం అని రాసింది, ఒక నంబరు వేసి.
నాకు ఒళ్ళు మండింది.
వెళ్తూ, కారు తలుపు పట్టుకుని అడిగింది:
"ఆ తువ్వాళ్ళ సంగతి ఇక్కడ ఎవరెవరికి తెలుసు?"

నాకు. ల్యాడ్‌కి.
ల్యాడ్ మే నెలలో రిటైరై
అరిజోనాలో చెల్లెలి దగ్గరికెళ్ళిపోయాడు.
అతని తాళాల గుత్తి ఇప్పుడు ఎఫ్రేన్ దగ్గరుంది.
ఇరవై రెండేళ్ళు. బుద్ధిమంతుడు.
ఇక్కడి చలికాలం ఇంకా చూడలేదు.
నాకు అక్టోబరులో మోకాలి ఆపరేషను.

పది రోజుల్లో దిద్దుబాటు పత్రం పంపాలి.
రాత్రి, బట్టలు మడతపెట్టే బల్ల మీద మొదలెట్టాను.
ముందు వాళ్ళ భాషలో:
ఇకపై జనరేటరు నడిచిన ప్రతిసారీ నమోదు చేయబడును.
తర్వాత, ఎర్ర ఫైలుకి మాత్రమే, నా భాషలో:
డీజిలు గడ్డకడితే మంట చూపించొద్దు.
రెండో డ్రయ్యరు, ఎక్కువ వేడి, పన్నెండు నిమిషాలు.
కోటు లోపల పెట్టుకుని వెళ్ళు.
మూడో మెట్టు మీద మంచు పేరుకుంటుంది, చూసుకో.

ఎఫ్రేన్‌ని పిలిచి చదివించాను.
రెండుసార్లు చదివాడు, పెదాలు కదుపుతూ.
"ఏ తువ్వాళ్ళు? చిన్నవా, పెద్దవా?"
నిజమే, అది రాయలేదు.
కలం మళ్ళీ తీశాను.