నలభై లీటర్లు

పొద్దున్నించీ ఊళ్ళవాళ్ళ నీళ్ళే చూస్తాను.
మొగల్తూరు నించి, కాళ్ళ నించి, ఆకివీడు నించి
కూల్‌డ్రింక్ సీసాల్లో,
ఒకాయనైతే పాలక్యానులో తెచ్చిన చెరువునీళ్ళు.
చుక్క తీసి మీటరు అద్దం మీద వేసి, వెలుతురుకెత్తి
"పదిహేనుందండీ, రొయ్యకి ఢోకా లేదు" అంటాను.
ఉప్పంటే నాకు బస్తాల లెక్క.

ఇంటికొస్తే కెజియా గుమ్మంలోనే పట్టుకుంది:
"నాన్నా, గోల్డ్‌ఫిష్ మీద రవ్వ చల్లినట్టుంది."
నిజమే. తోక మీద, మొప్పల మీద తెల్ల చుక్కలు.
రాటకి గేదె రుద్దుకున్నట్టు
గులకరాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటోంది చేప.

వంటింట్లో ఉప్పుజాడీలో చెయ్యి పెట్టి
గుప్పెడు తీశాను కూడా.
అమ్మమ్మ ఆపింది.
పోయి పదకొండేళ్ళయింది, అయినా ఆపింది.
ఉప్పు కొటార్లలో బతుకంతా పారపట్టిన మనిషి
"చేలో ఎరువు గుప్పిటతో, కూరలో ఉప్పు వేలితో" అనేది.

సరే, వేలితో.

ముందు జెల్లని తియ్యాలి.
కాలువ కట్టేసే ముందు లాకుల దగ్గర
కెజియా పట్టుకొచ్చిన చిటికెనవేలంత జెల్ల.
మీసాలే గాని పొలుసు లేదు దానికి.
పొలుసున్నదానికి మందయ్యేది
ఒట్టి తోలుకి మంట.
బక్కెట్లోకి మార్చి, గాలిగొట్టం ఒకటి దానికీ ఇచ్చాం.
నాచుమొక్కనీ పీకాం, దానికీ పడదు.

తొట్టె అమ్మినవాడు యాభై లీటర్లన్నాడు.
ఇసక, రాళ్ళు, పైన వదిలిన బెత్తెడు తీసేస్తే నలభై.
అవీ బోరునీళ్ళు. వేసవి కదా, కాలువ లేదు.
మీటరు జేబులోనే ఉంది.
ఎందుకో ఒక చుక్క వేసి చూశాను.
గీత సున్నా మీద లేదు. ఒకటి.

నేను వెయ్యకముందే ఎవరో వేశారు.

"ఎవరేశారు నాన్నా?"
సముద్రం వైపు, చెరువుల వైపు చెయ్యెత్తబోయి
ఊరుకున్నాను.
ఆ చెరువులు లేకపోతే నాకు జీతం లేదు.

లీటరుకి రెండు గ్రాములనుకున్నది ఒకటి చేశాను.
నలభై గ్రాముల రాళ్ళుప్పు, ఒట్టిది,
ముద్దకట్టకుండా ఏ పొడీ కలపనిది,
కేకులకని వాళ్ళమ్మ కొన్న తూకం మీద తూచి
జగ్గులో తొట్టెనీళ్ళే పోసి కరిగించాం.
ఒక్క రాయి చేప మీద పడకూడదు.
సగం ఆ రాత్రి, సగం మర్నాటి రాత్రి.
కెజియా నోటుపుస్తకంలో తారీఖుతో రాసుకుంది.

నాలుగోరోజుకి నీళ్ళు వేలెడు తగ్గాయి.
"మళ్ళీ ఉప్పు వెయ్యాలా?"
వద్దమ్మా. ఎండ తాగేది నీళ్ళనే.
ఉప్పు ఎక్కడికీ పోదు.
టిన్నునీళ్ళు పొయ్యి, ఉత్తివి.
చెబుతూ చెబుతూ గొంతాగింది.
పక్కన చెరువు తవ్వాక
మా నాన్న ముప్పై సెంట్ల వరిచేను
మూడు వేసవులు తెల్లగా పొంగింది.
దానికెవరూ నీళ్ళు మార్చలేదు.

పదోరోజుకి చుక్కలు లేవు.
కనబడనివి ఉంటాయని ఇంకో నాలుగు రోజులాగాం.
ఆపైన రోజు విడిచి రోజు పావు తొట్టె తోడి
టిన్నునీళ్ళు పోశాం. గీత దిగుతూ వచ్చింది.

బక్కెట్లో జెల్ల మీసాలాడిస్తోంది.
నేను మీటరు తీసేలోపే
కెజియా తొట్టెలో వేలు ముంచి
నాలిక చివర పెట్టుకుంది,
అమ్మమ్మ ఉప్పుమడి చూసినట్టే.
ఛీ అనబోయాను.

"ఇంకా కొంచెం ఉంది నాన్నా.
దాన్ని ఎల్లుండి వేద్దాం."