గుండు, బద్ద, ముక్క

కాశీబుగ్గలో పాత సామాన్ల దాలినాయుడు
కాటా పెట్టి అమ్మాడు, కిలో నూట ఎనభై.
గోనెసంచి నిండా బొమ్మ ఇటుకలు,
వాటి మధ్య విరిగిన దువ్వెన, మూడు గోళీలు,
ఎవరిదో పెళ్లికార్డు సగం.

సర్ఫు నీళ్లలో నానబెట్టాను.
నీళ్లు మూడుసార్లు నల్లబడ్డాయి.
నాలుగోసారికి ఎరుపు ఎరుపైంది, పసుపు పసుపైంది.
డాబా మీద చాప పరిచి ఆరబోస్తే
కాకి వచ్చి ఒక నీలం ముక్క ఎత్తుకుపోయింది.
ఆ నష్టం ఇంకా నా లెక్కల పుస్తకంలో ఉంది.

పగలు ఫోన్లు విప్పుతాను. రాత్రి ఇవి.
నాకో ఫ్యాక్టరీ కట్టాలనుంది:
పలాసలో, పట్టాల అవతల,
వదిన పదహారేళ్లు పనిచేసిన జీడిపప్పు షెడ్డు.
పొగగొట్టం, కాల్చే డ్రమ్ము, వరసగా పీటలు.
గొట్టానికి గుండ్రటివి ఇరవై రెండు కావాలి,
కప్పుకి గోధుమరంగు వాలుముక్కలు నూట తొంభై.
ఉన్నవి నూట ఇరవై తొమ్మిది.
అందులో పదకొండు నకిలీవి, పట్టు లేనివి,
గాలి తగిలినా అలిగి ఊడొస్తాయి.

రంగుల వారీగా పచ్చడి సీసాల్లో పోశాను.
అలమర చూడ్డానికి తిరనాళ్లలా ఉంది.
కానీ ఎర్రటి చిన్న మడతబందు కావలసిన రాత్రి
ఎర్ర సీసా మొత్తం గుమ్మరించి
ఒంటిగంట దాకా వెతికాను.
ఎరుపులో ఎరుపు కళ్లకి ఆనదు.

తవిటమ్మ వదిన గుమ్మంలో నిలబడి చూసింది.
"ఏటి మరిదీ, రంగు సూసి ఏరతారేటి ఎవులైనా?
గుండు గుండులోకి, బద్ద బద్దలోకి, ముక్క ముక్కలోకి.
రంగు దానంతటదే అగుపడతాది."

కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది.
జీడిసొన తినేసిన వేళ్లు,
కొనల మీద గీతలు మిగలని వేళ్లు,
నా దుకాణంలో ఏ ఫోనూ గుర్తుపట్టని వేళ్లు
ముక్కల్లోకి దిగాయి.
టక్, టక్, టక్. చూడకుండానే.
ఎనిమిది బుడిపెలది, నాలుగుది, ఒంటిది,
వాలుది, వంపుది, పేరు లేనిది.
పేరు లేనివాటికి తనే పెట్టింది:
ఏనుగుపన్ను, అప్పడం, అత్తగారి మూతి.
ఇప్పుడు మా ఇంట్లో అవే పేర్లు.
మొన్న విశాఖ దుకాణానికి ఫోన్ చేసి
"అత్తగారి మూతులు ఆరు పంపండి" అనబోయి ఆగాను.

ఒక తెల్ల ఇటుక మీద పంటి గాట్లు.
ఏ గుంటడో పళ్లొచ్చే వయసులో కొరికాడు.
పారేద్దామని పక్కన పెడితే
వదిన తీసి, లైటు కింద తిప్పి చూసి
"దీన్ని గుమ్మం కాడెట్టు.
గుంటల్ని ఒళ్లో ఏసుకునే పప్పు ఒలిసేవోలం" అంది.

కప్పు సంగతి చెప్పాను. అరవై ఒకటి తక్కువ,
ఒక్కోటి తొమ్మిది రూపాయలు, కొరియరు వేరు.
లెక్క వేస్తున్నట్టు కాసేపు ఊరుకుంది.
"తిత్లీ రేత్రి ఆ కప్పు ఎగిరి ఎక్కడ పడిందో
ఇప్పటికీ ఎవులికీ తెల్దు.
ఎయ్యకు.
పైనించి సూస్తే, ఎవులు ఎక్కడ కూకునేవోలమో అగుపడాల."

పద్నాలుగు పీటలు పెట్టాను.
మనిషి బొమ్మలు నా దగ్గర మూడే:
ఒకడు పైలట్, ఒకడి చేతిలో కత్తి,
మూడోవాడికి తల లేదు.
వదిన పైలట్‌ని కిటికీ పక్క పీట మీద కూర్చోబెట్టి
"ఇది నాను" అంది.
కత్తివాడు మేస్త్రీ అట.
మిగతా పీటలు అలాగే ఉన్నాయి.

అయినా, దాలినాయుడు కొత్త సంచి తెచ్చాడంటే
షట్టరు సగం దించి పరిగెడతాను.
గోధుమరంగు వాలుముక్క కనబడితే
కొనకుండా చెయ్యి ఊరుకోదు.
నిన్నటికి నూట ముప్పై నాలుగు.