చీటీ తగలని పిల్లాడు

మూడేళ్ళ కింద కొత్తపేట బడిలో
ప్లాస్టిక్ బకెట్లోంచి చీటీలు తీశారు.
నూట పద్ధెనిమిది పేర్లు, నలభై సీట్లు.
తగిలినవాళ్ళు మాంటిస్సోరి చాపల మీదికి,
తగలనివాళ్ళు ఎక్కడ దొరికితే అక్కడికి.
పరిశోధనకి ఇంతకన్నా ఏం కావాలంటాడు మా సారు:
అమ్మానాన్నల శ్రద్ధ, డబ్బు, కులం
అన్నీ రెండు గుంపులకీ సరిసమానంగా పంచుకుపోతాయట.
బకెట్టుకి చుట్టరికాలుండవు.

నా పని కొలవడం.
స్టాప్‌వాచీ, అట్ట, పెన్సిలు, బిస్కెట్ పొట్లాలు.
"తల ముట్టుకో అంటే కాళ్ళు ముట్టుకోవాలి,
కాళ్ళంటే తల."
ఎదురు తిరగడం కాదిది,
పోబోయే చేతిని ఆపుకోవడం.

ఇవాంజలి ఆపుకుంది. ముప్ఫైకి ఇరవై ఏడు.
నేను మార్కులు వేస్తుంటే
తనే ఒలకబోసిన నీళ్ళు స్పాంజితో అద్ది, పిండి, మళ్ళీ అద్ది,
నా కాళ్ళ కింద కూడా తడి ఉందని
నన్ను లేవమంది.
ఫారంలో దానికి గడి లేదు.

తగలనివాళ్ళని వెతకడమే కష్టం.
పదకొండు ఫోన్లు పలకలేదు.
ఒక కుటుంబం మాచర్ల వైపు వెళ్ళిపోయిందన్నారు.
ఒకామె తలుపు సందులోంచే
"అప్పుడు ఇవ్వలేదుగా, ఇప్పుడెందుకు?" అంది.

నాగుల్‌మీరా మిర్చి యార్డు వెనక
కోల్డ్ స్టోరేజీ దగ్గర దొరికాడు.
వాళ్ళమ్మ తొడిమలు తీస్తోంది.
వాడు తాలుకాయ ఒక పక్కకి, ఎర్రకాయ ఒక పక్కకి
చూడకుండానే విసురుతున్నాడు.
నా తుమ్ముల మధ్యే పరీక్ష పెట్టాను.
"తల ముట్టుకో."
చెయ్యి లేచింది,
కారం చెయ్యి, కళ్ళకి తగిలితే మంటని
సగంలో ఆగింది.
కాళ్ళ దాకా మాత్రం పోలేదు.
ఆగినందుకు సగం మార్కు.
ఎందుకు ఆగిందో దానికి లేదు.

అక్షరాల్లో వాడు వెనకే. దాచను.
'ణ' చూపిస్తే జిలేబీ అన్నాడు.
కాయలు ఏరడమూ చదువేనని
అంచులో రాయబోయి కొట్టేశాను.
ఆ మాట వాళ్ళమ్మ ముందు అనగలనా?

రాత్రి బ్రాడీపేట గదిలో లెక్క తేల్చాను.
సారు ఫోను: "తేడా ఉందా?"
ఉంది సార్. చదవడంలో, ఆపుకోవడంలో.
చిన్నదే.
కూడికల్లో అంతగా లేదు.
పదో తరగతికి మిగులుతుందో లేదో
ఈ కాగితాలకి తెలీదు.
"చిన్నదైనా నిలబడుతుందా?"
నిలబడుతుంది సార్,
ఆ పదకొండు మందీ ఎక్కడో
బ్రహ్మాండంగా చదువుతూ ఉండకపోతే.
ఆయన కాసేపు మాట్లాడలేదు.
తర్వాత, ఆటో బిల్లులు జాగ్రత్త అన్నాడు.

ఫైలు మూసి, నిద్ర ముంచుకొస్తుంటే
కళ్ళు నులుముకోబోయాను.
వాడు పట్టుకు తిరిగిచ్చిన పెన్సిలు
ఇంకా నా వేళ్ళ మధ్యే ఉంది.
చెయ్యి సగంలో ఆగింది.