గుల్ల

ఓడని నీళ్లలోంచి తీసి
డ్రై డాక్‌లో దిమ్మల మీద నిలబెడితేగానీ తెలీదు
ఇన్నాళ్లూ దాని కడుపు కింద ఏం పెరిగిందో.

పైన రంగు, పేరు, జెండా.
కింద గుల్లలు, వేలకి వేలు,
పళ్లు కొరుక్కుంటూ వేలాడుతున్నట్టు.

ఇరవయ్యారేళ్లు గోకాను వాటిని.
పార ఆనిస్తే కర్రుమని మొండి చప్పుడు.
ఊడిపడినదాన్ని ఏరి చూస్తే లోపలేముంది?
ఇంత ఉప్పునీరు, ఇంత నీచు వాసన.
పేరుకి తగ్గట్టు గుల్లే.
అయినా ఓడ నడక మందగిస్తుంది,
ఆయిలు రెట్టింపు తాగుతుంది.
మా మేస్త్రీ కొర్లయ్య బీడీ ఆర్పుతూ అనేవాడు:
"సముద్రం ముంచదురా, అంటుకున్నదే ముంచుతాది."

ఆ మాట ఓడ గురించే అనుకున్నాను.

ఆ ఏడు ఆషాఢ పున్నమినాటికి
నూకరత్నానికీ నాకూ మాటల్లేక పదిహేడు రోజులు.
కారణం చెప్పాలంటే సిగ్గు.
తోడల్లుడి ఎదట, కోనాం పులుసు వడ్డిస్తూ
"తప్పు ఈయనదేలే" అంది. నవ్వుతూనే అంది.
తప్పు నాదే.
అందుకే ఊరుకోలేకపోయాను.

గిరి ప్రదక్షిణ మొక్కు ఆమెది.
తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి
ఆమె ముందు, నేను పదడుగులు వెనక.
ఎన్ని వేల పాదాలో, ఒక్క చెప్పుల జతా లేదు.
అడివివరం దాటాక వాన.
ముడసర్లోవ దగ్గర వెలిసింది,
తడి తారు మీద చంద్రుణ్ణి తొక్కుకుంటూ నడిచాం.
చుట్టూ గోవింద నామం.
నా లోపల మాత్రం ఇంకో జపం:
నేనెందుకు మాట్లాడాలి, నేనెందుకు, నేనెందుకు.
అక్షరం పొల్లుపోకుండా, ఊపిరి తప్పకుండా.
అంత నిష్ఠగా అప్పన్నని తలుచుకునుంటే
కొండ తనే దిగొచ్చి ఎదురయ్యేది.
అందరూ కొండ చుట్టూ తిరుగుతున్నారు.
నేను నా చుట్టూ.

అప్పుఘర్ దగ్గర ఆమె మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగింది.
నేను దిగలేదు.
దూరంగా లంగరేసిన ఓడల దీపాలు,
బెర్తు కోసం కాసుకుని ఉన్నాయి.
చూసేవాళ్లకి నక్షత్రాలు.
వాటి కింద ఏముందో నాకు తెలుసు.

కంచరపాలెంలో, తెల్లారగట్ల,
మూసిన టైలరు కొట్టు మెట్టు మీద ఆమె కూలబడింది.
పక్కనే ఒక కుర్రాడు, పదేళ్లుంటాయేమో,
వచ్చినవాళ్ల కాళ్లు వచ్చినట్టు కడుగుతున్నాడు.
మొహాలు చూడ్డం లేదు.
వద్దనేలోగా నావీ కడిగేశాడు.
చెంబు నా చేతిలో పెట్టి
"తాతా, ఆ మామ్మవి నువ్వు కడిగీ,
నాను బిందె నింపుకొచ్చెత్తాను" అని పరిగెత్తాడు.
ఆమె నాకేమవుతుందో వాడికేం తెలుసు.

ఓడల కింద ఇరవయ్యారేళ్లు వంగిన నడుం
చెంబుడు నీళ్లకి వంగనంది.
ఎంతసేపు నిలబడ్డానో.
వెనకనించి ఎవరో "జరుగు బాబూ" అన్నారు.
జరగలేక, వంగాను.

ముప్పై నాలుగేళ్ల కాపురం.
ఆ పాదాల్ని అడుగు నుంచి చూడ్డం అదే మొదలు.
మడమల పగుళ్లలో పసుపు, పగిలిన బొబ్బ,
బొటనవేలి కింద ఎప్పటిదో కాలిన మచ్చ.
ఎప్పటిదో నాకు తెలీదు.
ఇన్ని ఓడల అడుగులు నాకు కంఠతా వచ్చు.

"లెగు, అందరూ సూత్తన్నారు" అంది.
పదిహేడు రోజుల తర్వాత తొలి మాట.
క్షమించమందామనుకున్నాను.
నోట్లోంచి వచ్చింది "నొప్పా?" అని.
ఆమె జవాబివ్వలేదు.
రెండో పాదం ముందుకి జరిపింది.

లోపలెక్కడో కర్రుమంది.

గోపాలపట్నం దాకా పక్కపక్కనే నడిచాం.
ఆమె కుంటుతోంది, నేను ఆ కుంటుకి అడుగు కలిపాను.
గుళ్లో స్వామి చందనం కింద ఎప్పట్లాగే దాక్కునున్నాడు.
నేనేమీ అడగలేదు. ఆయనా అడగలేదు.

అంతా మారిపోయిందని చెప్పను.
ఓడ నీళ్లలోకి దిగిన రోజే
మొదటి గుల్ల అంటుకుంటుంది. ఇదీ కొర్లయ్య మాటే.
మొన్న పులుసులో ఉప్పెక్కువైతే
"నేను ముందే చెప్పానా" అంటూ మొదలెట్టాను.
నూకరత్నం గరిట పట్టుకుని అలాగే చూసింది.

మిగతా మాట మింగి,
ఇంకో ముద్ద కలుపుకున్నాను.
ఉప్పగానే ఉంది.